నల్లరేగడి నుంచి నల్లరాళ్ల దీవి దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "నువ్వు పోయినేడు హవాయి పోయొచ్చినవంట గదా, ఓడల తిరిగినవంట, దాని గురించి పదిహేను నిమిషాలు మాట్లాడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. యాభై ఏండ్ల పండుగకు అందరూ బడి జ్ఞాపకాలు చెప్తుంటే నేను అగ్నిపర్వతాల ముచ్చట చెప్తే ఏం బాగుంటుంది అన్నాను. "నువ్వు ఎక్కడ మొదలువెట్టినా చివరికి షక్కర్‌నగర్‌కే వస్తవు, మాకు తెల్వదా" అన్నాడు. ఆయన అన్నది నిజమే. అయితే ఈసారి తప్పు నాది కాదు, హవాయిది.

మొదట ఆ ప్రయాణం సంగతి. మా బిడ్డ కాలిఫోర్నియాలో ఉంటుంది. 2025 మార్చిలో మా ఇద్దరినీ తనతోపాటు తీసుకుపోయింది. హొనొలులులో ఓడ ఎక్కితే వారం రోజుల్లో నాలుగు దీవులు తిప్పి మళ్లీ అక్కడే దింపుతుంది. రాత్రంతా నడుస్తుంది, తెల్లారేసరికి ఒక రేవులో ఆగుతుంది. మనం దిగి బస్సెక్కి ఊరు చూసి సాయంత్రానికి తిరిగి రావాలి. దీన్నే షోర్ ఎక్స్‌కర్షన్ అంటారు. ఓడవాళ్ల దగ్గరే టికెట్ కొనుక్కున్న టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా పోయి ఆలస్యమైతే మాత్రం ఆగదు, చెయ్యి ఊపి పోతుంది. ఇది ముందుగా ఎందుకు చెప్తున్నానంటే, మీలో సగం మంది పిల్లలు అక్కడే ఉన్నారు, రేపో మాపో మీరూ పోతారు. ఇంకొక మాట, ఓడ మీద అన్నం దొరుకుతుంది గానీ అది మన అన్నం కాదు. మా ఇంటామె సూట్‌కేసులో చింతకాయ తొక్కు పెట్టుకుని వచ్చింది కాబట్టి బతికాం.

ఇక అసలు విషయం.

మేం దిగిన మొదటి దీవి పేరు మావి. రేవు పేరు కహులుయి. ఓడ పైఅంతస్తు నుంచి చూస్తే ఊరవతల రెండు పొగగొట్టాలు కనబడ్డాయి. పొగ లేదు. పక్కన రేకుల షెడ్లు, తుప్పు పట్టిన కన్వేయరు. నేను మా బిడ్డతో అన్నాను, "అది షుగర్ ఫ్యాక్టరీ." ఆమె నమ్మలేదు, ఫోనులో చూసింది. నిజమే, పునేనే మిల్లు. అరవై అడుగుల దూరం నుంచి మనిషి నడక చూసి ఎవరో చెప్పినట్టు, ఫ్యాక్టరీ గొట్టం చూసి చెప్పగలిగే ఊళ్లో పుట్టినవాణ్ణి నేను.

ఆ రోజు అందరూ బీచికి పోదామంటే నేను ఫ్యాక్టరీకి పోదామని మొండికేశాను. మిల్లుకు ఎదురుగా చిన్న మ్యూజియం ఉంది. ఒకప్పుడు మిల్లు సూపరింటెండెంటు ఉన్న ఇంటినే మ్యూజియం చేశారు. పెద్దది కాదు, మన బడి స్టాఫ్ రూము, లైబ్రరీ కలిపితే అంత. కానీ అందులో గడిపిన రెండు గంటలు నా ప్రయాణం మొత్తంలో బరువైనవి.

హవాయిలో చెరుకు చరిత్ర క్లుప్తంగా చెప్తాను. చెరుకు మొక్క అక్కడికి తెల్లవాళ్ల కంటే చాలా ముందే, పడవల మీద వచ్చిన పాలినీషియన్లతో వచ్చింది. వ్యాపారపు తోట మాత్రం 1835లో కావాయి దీవిలో కొలోవా అనే చోట మొదలైంది. తర్వాత వందేళ్లపాటు ఆ దీవులను నడిపింది చెరుకే. పని చేయడానికి చైనా నుంచి, జపాన్ నుంచి, పోర్చుగల్ నుంచి, కొరియా నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి మనుషులను ఒప్పందం కాగితాల మీద తెచ్చారు. పేర్లు పలకడం దొరలకు కష్టమైంది. అందుకని ప్రతి కూలీకీ ఒక లోహపు బిళ్ళ ఇచ్చారు, దాని మీద ఒక నంబరు. జీతం తీసుకోవాలన్నా, తోట దుకాణంలో అప్పు రాయించుకోవాలన్నా ఆ బిళ్ళే. దాన్ని 'బాంగో' అనేవాళ్లు. వేర్వేరు దేశాలవాళ్లకు బిళ్ళ ఆకారాలు కూడా వేరు చేసిన తోటలున్నాయి. కూలీ కూడా దేశాన్ని బట్టి వేరుగా ఉండేది. వాళ్లందరూ ఒక్కటై 1946లో 79 రోజులు సమ్మె చేసి గెలిచారు. అప్పటిదాకా దేశానికొక్కరుగా చేసిన సమ్మెలు చాలావరకు ఓడిపోయాయి.

ఆ బిళ్ళలను అద్దాల పెట్టెలో పెట్టారు. నేను అక్కడ నిలబడిపోయాను. మా బాపుకు కూడా ఒక బిళ్ళ ఉండేది. ఇత్తడిది, గుండ్రంగా, పైన తాడు కట్టుకోవడానికి చిల్లు. గేటు దగ్గర హాజరుకు ఇచ్చి, షిఫ్టు అయిపోయినంక తీసుకునేది. మీలో షక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగినవాళ్ల ఇండ్లల్లో అది మేకుకు వేలాడుతూ ఉండేది, గుర్తుందా? చిన్నప్పుడు దాన్ని రూపాయి బిళ్ళ అనుకుని ఐస్‌ఫ్రూట్ వాడికి ఇచ్చి దెబ్బలు తిన్నాను. బాపు రిటైర్ అయినప్పుడు దాన్ని ఎట్లా తెచ్చుకున్నాడో తెలియదు గానీ ఇంట్లోనే ఉండేది. బాపు పోయినంక ఒక ఎండాకాలం అమ్మ ఇత్తడి సామానుతో కలిపి తూకానికి ఇచ్చేసింది. అమ్మను ఏమీ అనలేదు నేను. అప్పుడు హైదరాబాదులో నా నౌకరీ, నా ఇల్లు, నా ఈఎంఐలు. బిళ్ళ పోయిందంటే 'పోతే పోయింది' అనుకున్న మనిషిని.

అద్దం ముందు నిలబడి ఆ నంబరు గుర్తు చేసుకుందామని చూశాను. రాలేదు. ముప్ఫై ఏండ్లు మా అన్నం తినిపించిన నంబరు, రాలేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఓడ మీద నుంచి బోధన్‌లో తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ మరుసటి రోజు మధ్యాహ్నం పన్నెండున్నర. "బాపు బిళ్ళ నంబరు యాదికున్నదా" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు, చెప్పేశాడు. "ఎందుకన్నా, గిప్పుడు అడుగుతున్నవ్?" అన్నాడు. నేనేం చెప్పాలి? సముద్రం చప్పుడు వినిపిస్తుందా అని అడిగి మాట మార్చాను.

తమ్ముడు కూడా ఆ ఫ్యాక్టరీలోనే పని చేశాడు. 2015 డిసెంబరులో అది ఆగిన నాడు గేటు దగ్గర నుంచి నాకు ఫోన్ చేశాడు. "ఒక్కసారి వచ్చిపో అన్నా" అన్నాడు. సంక్రాంతికి వస్తానన్నాను. సంక్రాంతికి పోలేదు. ఇది నేను ఎవరికీ చెప్పుకోని సంగతి. మీ ముందు చెప్తున్నాను, ఎందుకంటే మనలో చాలా మందిమి ఆ సంక్రాంతికి పోనివాళ్లమే.

పునేనే మిల్లు మన ఫ్యాక్టరీ తర్వాత సరిగ్గా ఏడాదికి ఆగింది. 2016 డిసెంబరులో చివరి చెరుకు ఆడారు. హవాయి మొత్తంలో అదే చివరి చెరుకు మిల్లు. దాని కింద సుమారు 36 వేల ఎకరాల భూమి ఉండేది. మేం బస్సులో పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా ఎండుగడ్డి. మన నిజాంసాగర్ లాంటి కథే అక్కడ కూడా. ఆ మైదానంలో వాన తక్కువ. అవతలి పక్క కొండల మీద కురిసే వానను 1878లో కాలువ తవ్వి ఇటు తెచ్చారు. మన దగ్గర 1923లో మంజీర మీద కట్ట మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. నీళ్లు వచ్చినంక చెరుకు, చెరుకు వచ్చినంక 1937లో ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ వచ్చినంక మా బాపు, బాపు తర్వాత నేను, నా తర్వాత మీ చప్పట్లు. (నవ్వులు) ఎవరైనా చరిత్ర పరీక్షకు చదువుకునేవాళ్లుంటే ఇంతే.

రెండు రోజుల తర్వాత హిలో.

హిలో పెద్ద దీవిలో తూర్పు తీరపు ఊరు. వాన పడుతూనే ఉంటుంది. మనకు నిజామాబాదులో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు పడితే మంచి కాలం అంటాం. అక్కడ మూడు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. మేం దిగినప్పుడు కూడా పడుతోంది. బస్సు డ్రైవరే గైడు. యాభై అయిదేండ్లుంటాయి. వాళ్ల తాత ఫిలిప్పీన్స్ నుంచి చెరుకు కొట్టడానికి వచ్చాడట. ముందుగా హిలో ఊళ్లోనే ఉన్న రెయిన్‌బో ఫాల్స్‌కి తీసుకుపోయాడు. వైలుకు నది అక్కడ ఎనభై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. పొద్దున ఎండ పడితే ఇంద్రధనుస్సు కనిపిస్తుందట. మాకు ఎండ లేదు, ఇంద్రధనుస్సూ లేదు. కానీ జలపాతం వెనకాల నల్లటి గుహ కనిపించింది. లావా పారినప్పుడు పైపొరలు గట్టిపడి, కింద మెత్తగా ఉన్నది నీళ్లకు కోసుకుపోయి అట్లా గుహ అవుతుందట. స్థానికుల కథలో అది మావి అనే దేవుడి తల్లి హీనా ఉన్న ఇల్లు.

అక్కడ నుంచి ఉత్తరానికి పది పన్నెండు మైళ్లు పోతే హొనొము అనే చిన్న పల్లె, దాని పైన అకాకా జలపాతం. దారిలో గైడు చెయ్యి చూపి, "మీరు చూస్తున్న ఈ చెట్లన్నీ ఒకప్పుడు చెరుకు" అన్నాడు. సముద్రం అంచు నుంచి కొండ నడుము దాకా అంతా చెరుకేనట. ఇప్పుడు నీలగిరి చెట్లు, గడ్డి, అక్కడక్కడ మకడేమియా తోటలు. అప్పట్లో చెరుకు మోసిన రైలు మార్గం కూడా ఉండేది, 1946 ఏప్రిల్ 1న వచ్చిన సునామీ దాన్ని తుడిచేసింది. 1994 నాటికి ఈ తీరం మీది మిల్లులు మూతపడ్డాయి. 1996లో పహాలా మిల్లుతో ఆ దీవిలో చెరుకు అయిపోయింది.

నేను డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాను. మా ఊరు కూడా చక్కెర ఊరేనని చెప్పాను. అద్దంలో నా వైపు చూశాడు. "మీ మిల్లు నడుస్తుందా?" అన్నాడు. 2015లో ఆగిందన్నాను. "మా నాన్నది 94లో" అన్నాడు. ఆ తర్వాత అకాకా వచ్చేదాకా ఆయన మైకులో ఏమీ మాట్లాడలేదు. బస్సులో మిగతావాళ్లు ఏమైందని అనుకున్నారో ఏమో.

అకాకా 442 అడుగులు. మన కుంటాల జలపాతం మీరు చూసే ఉంటారు, నేరడిగొండ దగ్గర కడెం వాగు మీద. అది నూట యాభై అడుగులు. అకాకా దానికి మూడింతలు, కానీ సన్నగా, ఒకే ధారగా, చీరె ఆరేసినట్టు పడుతుంది. అరమైలు కూడా లేని గుండ్రటి బాట, మెట్లున్నాయి. నా మోకాళ్లకు ఆ మెట్లు ఎక్కువే. మా ఇంటామె ముందు నడుస్తూ, "కుంటాల మెట్ల మీద నువ్వు గెంతుకుంట దిగినవ్, యాదికున్నదా" అంది. అది మా పెండ్లైన కొత్తలో. అందం విషయంలో నాది కుంటాలకే ఓటు. అకాకాను దూరం నుంచి కటకటాల వెనక నిలబడి చూడాలి, కుంటాల దగ్గరికి పిలుస్తుంది. పిలుస్తుందని దగ్గరికి పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు కాబట్టి పిల్లలూ, మీరు మాత్రం కటకటాల వెనకే ఉండండి.

ఆ తర్వాత కిలవేయ.

నిజం చెప్తాను, నేను నిప్పు చూడలేదు. 2024 డిసెంబరు 23న మొదలైన విస్ఫోటనం మేం పోయినప్పుడు కూడా సాగుతూనే ఉంది, కానీ అది విడతలు విడతలుగా వస్తుంది. కొన్ని గంటలపాటు వందల అడుగుల ఎత్తుకు లావా చిమ్ముతుంది, తర్వాత కొన్ని రోజులు ఊరుకుంటుంది. మేం పోయింది ఊరుకున్న రోజు. హలెమావుమావు అనే పెద్ద గుంత అంచున నిలబడితే కింద నల్లటి నేల, అందులో నుంచి తెల్లటి పొగ. 2018లో ఇక్కడ భూమి లోపలి లావా పక్కదారి పట్టి దూరంగా పూనా అనే చోట పైకొచ్చింది. సుమారు ఏడు వందల ఇండ్లు పోయాయి. లోపల ఖాళీ కావడంతో ఈ గుంత అడుగు ఒకటిన్నర వేల అడుగుల లోతుకు కుంగింది. అంత పెద్ద గుంత ముందర నిలబడి మా ఇంటామె చేతులు జోడించింది. అక్కడివాళ్లు కూడా అంతే. పెలే అనే అమ్మవారు అందులో ఉంటుందని పూలు పెడతారు. మన ఊళ్లల్లో పోచమ్మకు పెట్టినట్టు ఆకులో చుట్టి పెట్టిన కానుకలు చూశాను. ఆ నేల మీద నుంచి ఒక్క రాయి కూడా తేకూడదు. చట్టం ఒప్పుకోదు. పెలే కూడా ఒప్పుకోదట. తీసుకుపోయినవాళ్లు కష్టాలు వచ్చాయని రాళ్లను పోస్టులో తిరిగి పంపుతారని గైడు చెప్పాడు.

పక్కనే గంధకపు గట్లు అని ఒక చోటు ఉంది. నేలలో పగుళ్లు, వాటిలో నుంచి ఆవిరి, రాళ్ల అంచులకు పసుపు రాసినట్టు గంధకం. ఆవిరి సంగతి చాలా తేలిక. వాన నీరు లోపలికి ఇంకి వేడి రాతిని తాకి ఆవిరై పైకొస్తుంది. కానీ ఆ వాసన! మిగతావాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. అది మా బాపు అంగీ వాసన.

తెలియని పిల్లల కోసం చెప్తున్నాను. చెరుకు పిండితే వచ్చే రసం మురికి పచ్చగా ఉంటుంది. దాన్ని వేడి చేసి, సున్నం కలిపి, గంధకం కాల్చిన వాయువు పంపితే మలినాలు పట్టుకుని అడుగుకు దిగుతాయి, రసం తేటపడుతుంది. తర్వాత దాన్ని చిక్కబరిచి మళ్లీ గంధకపు వాయువు పడతారు. మన దేశంలో తెల్ల చక్కెర ఎక్కువ భాగం ఇట్లా తయారయ్యేదే. మా బాపు పని ఆ గంధకం పొయ్యి దగ్గర. క్రషింగ్ సీజన్లో రాత్రి షిఫ్టు నుంచి వచ్చి తలుపు కొడితే వాసన ముందు వచ్చేది, బాపు తర్వాత వచ్చేది. దగ్గు కూడా దానితోనే వచ్చింది. చివరిదాకా పోలేదు.

బిడ్డ "డాడీ, కండ్లు మండుతున్నయా?" అంది. మండుతున్నాయని చెప్పాను.

ఇప్పుడు మన బడి దగ్గరికి వస్తాను. కార్యదర్శి గడియారం చూస్తున్నాడు.

తొమ్మిదో తరగతిలో మన జాగ్రఫీ సారు ఒకరోజు క్లాసులోకి వచ్చి, "ఒరేయ్, మీ ఊళ్ల నేల ఒకప్పుడు నిప్పురా" అన్నారు. మేం నవ్వాం. నిజామాబాదు పిల్లలకు రాయంటే ఖిల్లా గుట్ట రాయి, గ్రానైటు. నిప్పు కనిపించే రాయి కాదు అది. సారు కోపం తెచ్చుకోకుండా, ఎవరెవరి ఊళ్లో దొరికిన రాయి వాళ్లు తెమ్మన్నారు. మద్నూరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పిల్లవాడు పిడికిలంత నల్లరాయి తెచ్చాడు. దాని పొట్టలో తెల్లటి పలుకులు మెరుస్తున్నాయి. సారు దాన్ని పట్టుకుని పీరియడంతా మాట్లాడారు. ఆరున్నర కోట్ల ఏండ్ల కింద దక్కను మీద నేల చీలి లావా పొరలు పొరలుగా పారిందని, శిఖరాలున్న అగ్నిపర్వతాలు కాదు, పగుళ్లలో నుంచి వరదలాగా వచ్చిందని, పడమటి కనుమల దగ్గర అది రెండు కిలోమీటర్ల దాకా మందంగా ఉంటే మన మద్నూరు, జుక్కల్ వైపు అంచు పలచగా వచ్చి ఆగిందని చెప్పారు. ఆ రాయి అరిగిపోయి అయిందే మన నల్లరేగడి అన్నారు. లావాలో గాలి బుడగలున్న చోట తర్వాత ఖనిజాలు చేరి ఆ తెల్ల పలుకులయ్యాయన్నారు. మాకు సగం అర్థమైంది. ఆ మిత్రుడు ఇవ్వాళ ఇక్కడ లేడు. మూడేండ్లైంది పోయి.

హిలో నుంచి పైకి పోతుంటే రోడ్డు పక్కన కోసిన గట్లలో అదే నల్లరాయి చూశాను. మన రాయి, అది, రెండూ బసాల్టే. తేడా అల్లా వయసు. మనది ఆరున్నర కోట్ల ఏండ్లది, కిలవేయ గుంతలోది కొన్ని వారాలది. నాకప్పుడు తట్టిన ప్రశ్న ఒకటుంది, సారూ, మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి తప్పైతే దిద్దండి. రాయి ఒకటే అయితే మావిలో, కావాయిలో నేల ఎర్రగా ఎందుకుంది, మన నేల నల్లగా ఎందుకుంది? వాన వల్ల. అక్కడి వానకు, కాలానికి మిగతావన్నీ కడిగేసుకుపోయి ఇనుము తుప్పు మిగిలి ఎర్రబడుతుంది. మన దగ్గర వాన తక్కువ, ఎండ ఎక్కువ. అందుకే జిగట బంకమట్టి పోకుండా నిలుస్తుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైమట్టి నెర్రెల్లో పడి, నేల తనను తానే దున్నుకుంటుంది.

ఇంకొక చిన్న ముచ్చట. ప్రపంచమంతా భూగర్భశాస్త్రం పుస్తకాల్లో నునుపుగా తాడు పేనినట్టు గట్టిపడ్డ లావాను 'పాహోయ్‌హోయ్' అంటారు, గరుకుగా ముండ్లలాగా ఉన్నదాన్ని 'ఆ ఆ' అంటారు. రెండూ హవాయి జనం మాటలే. ఆ రెండోదాని మీద చెప్పుల్లేకుండా నడిస్తే వచ్చే చప్పుడు కూడా అదేనని గైడు జోకు వేశాడు. మన ఓనమాల్లాగా ఉందని నేనన్నాను, ఆయనకు అర్థం కాలేదు. అదే పుస్తకాల్లో నల్లనేలను 'రేగర్' అంటారు. అది మన రేగడి. మన రైతు నోట్లో మాట. ఇది కూడా సారు అప్పట్లో చెప్పారు, మేం రాసుకోలేదు.

అక్కడ లావా గొట్టం అని ఒకటుంది, థర్స్టన్ లావా ట్యూబ్ అంటారు. లావా నది పైన గట్టిపడి, లోపల పారి పారి ఖాళీ అయి, రైలు సొరంగంలాగా మిగిలింది. ఐదారు వందల అడుగులు నడిచాం. పైనుంచి నీటి చుక్కలు, చెట్ల వేళ్లు. దాని గురించి చెప్పుకోవడానికి చాలా ఉంది గానీ కార్యదర్శి రెండో చీటీ పంపించాడు.

అందుకని అసలు పని అడిగేస్తాను. ఇది ప్రసంగం కాదు, అర్జీ అనుకోండి.

పునేనేలో మిల్లు పోయినా బిళ్ళ అద్దంలో ఉంది. మన దగ్గర ఏముంది? ఫ్యాక్టరీ మళ్లీ నడిపించాలన్న ప్రయత్నాల గురించి పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా మా తమ్ముడు దాన్ని కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటాడు. అది నడవాలనే నేనూ కోరుకుంటాను. కానీ నడిచినా, నడవకపోయినా, గంధకం పొయ్యి దగ్గర ఎట్లా నిలబడేదో, పానులో రవ్వ పట్టిందని వేలి మధ్య చూసి ఎట్లా చెప్పేదో, చెరుకు బండ్లు కాటా దగ్గర రాత్రంతా ఎట్లా వరుస కట్టేవో తెలిసినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. స్టాఫ్ రూము పక్కన పాత ల్యాబ్ గది ఒకటి ఖాళీగా ఉందని, సంఘం అడిగితే ఇవ్వగలమని హెడ్మాస్టరు గారు నాతో అన్నారు. గోడకు తేమ పట్టింది, రంగు వేయించాలి, రెండు అద్దాల బీరువాలు కావాలి. ఆ ఖర్చు మా బ్యాచి పెట్టుకుంటుంది.

మీరు తేవాల్సింది వస్తువులు. ఇంట్లో మేకుకు ఇంకా వేలాడుతున్న బిళ్ళ, కటింగు ఆర్డరు చీటీ, కాటా రసీదు, క్వార్టరు ముందు దిగిన ఫోటో, బోనస్ కాగితం, యూనియన్ కరపత్రం, రిటైర్మెంట్ నాడు ఇచ్చిన గోడగడియారం. అమ్మకు తెలియకుండా కాదు, అడిగి తీసుకురండి. ఇంకా తూకానికి వేయకపోతే. నంబరు మాత్రమే గుర్తుంటే నంబరే రాసి పంపండి, మనిషి పేరు, చేసిన పని రాయండి. మొదటి నంబరు మా తమ్ముడు చెప్పింది, నిన్ననే రాసి పెట్టాను. ఎవరెవరు ఏ సెక్షన్లో పనిచేశారో వాడి దగ్గర నోట్‌బుక్కు నిండా ఉంది. వాడు ఇక్కడే ఉన్నాడు, ఆ మూడో వరుసలో. భోజనాల దగ్గర వాడిని పట్టుకోండి. ఈసారి నేను సంక్రాంతి దాకా ఆగకుండా వారం ముందే వచ్చి వాడింట్లో ఉన్నాను.

ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని. ఎవరి ఊరి రాయి వాళ్లు తేవాలి. ఖిల్లా గుట్టది ఒకటి, కందకుర్తి దగ్గర గోదావరి గులకరాయి ఒకటి, చెరుకు పొలం మట్టి ఒక డబ్బాడు. వాటికి కూడా ఒక అర ఉంటుంది.

పెలే అమ్మవారి రాయి నేను తేలేదు, భయపడి కాదు, తేకూడదు కాబట్టి. అందుకని మొన్న తమ్ముడి బండి మీద మద్నూరు పోయి, పోయిన మా మిత్రుడి చేను గట్టు మీద నుంచి, వాళ్ల కొడుకును అడిగి ఒకటి తెచ్చాను. సంచిలో ఉంది. ఇదిగో. పొట్టలో తెల్ల పలుకులు చూడండి, అప్పటి రాయికి అన్న లాగా ఉంది.

సారూ, ముందు మీరు పట్టుకోండి. తర్వాత పిల్లలకు ఇవ్వండి. బరువుంది, రెండు చేతుల్తో పట్టుకోండి సారూ.